టక్కుమందా, గిర్రుమందా? కారు స్టార్టవనప్పుడు ముందు చెవి పెట్టండి

పొయ్యి వెలగకపోతే మనం ఏం చేస్తాం? వెంటనే గ్యాస్ వాళ్ళకి ఫోన్ చెయ్యం కదా! ముందు రెగ్యులేటరు తిప్పి ఉందో లేదో చూస్తాం. సిలిండరు కాస్త కదిపి బరువు చూస్తాం. లైటరు నొక్కి నిప్పురవ్వ వస్తోందో లేదో చూస్తాం. పాలు పొంగి బర్నరు కన్నాలు మూసుకుపోయాయేమోనని పిన్నీసుతో పొడుస్తాం. ఇదంతా మనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చెయ్యగా చెయ్యగా వచ్చేసింది. మరి వాకిట్లో ఉన్న కారు స్టార్టవకపోతే మాత్రం బిక్కమొహం వేసుకుని వీధిలోకి చూస్తాం, ఎవరైనా మగవాళ్ళు అటుగా వస్తారేమోనని. నేనూ అంతే. మొన్న మొన్నటి దాకా.

మాది శృంగవరపుకోట. వైజాగ్ నుంచి అరకు వెళ్ళే వాళ్ళందరూ మా ఊరి మీంచే వెళ్తారు. మా వారిది పార్వతీపురంలో ఉద్యోగం, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారకుండా వెళ్ళిపోతారు. ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తగారూ, ఇంటర్ చదివే మా చిన్నాడూ. అత్తగారికి రెండేళ్ళుగా డయాలసిస్. బుధవారం, శనివారం పొద్దున్నే ఏడున్నరకల్లా వైజాగ్‌లో ఆసుపత్రి మంచం మీద ఉండాలి. ఒక్క విడత తప్పినా ఒంట్లో నీరు చేరి ఆయాసం వచ్చేస్తుంది, పొటాషియం పెరిగిందంటే గుండెకే ముప్పు అని డాక్టర్లు మరీ మరీ చెప్పారు. బస్సులో కూర్చోబెట్టి తీసుకెళ్ళి, నీరసంగా ఉన్న మనిషిని మళ్ళీ బస్సులోనే తీసుకురావడం నావల్ల కాక, నలభయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను. కారు పాతది, పెట్రోలుది. సెకండ్ హ్యాండులో కొన్నాం.

కిందటి పుష్యమాసంలో ఒక బుధవారం. అయిదు గంటలు. మంచు కమ్మేసి ఎదురిల్లు కూడా కనపడట్లేదు. అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, తాళం తిప్పాను. 'టక్' మంది. అంతే. మళ్ళీ తిప్పాను. మళ్ళీ 'టక్'. హెడ్‌లైట్లు మాత్రం ఎదురుగోడ మీద దివ్యంగా వెలుగుతున్నాయి. పాలవాడూ, మా చిన్నాడూ, పక్కింటి మాస్టారూ కలిసి తోస్తే రెండో గేరులో అందుకుంది. ఆ రోజుకి గండం గడిచింది.

మర్నాడు మెకానిక్‌ని పిలిస్తే "తోస్తే స్టార్టయిందంటే బ్యాటరీ పోయినట్టే" అన్నాడు. నాలుగు వేల చిల్లర పెట్టి కొత్త బ్యాటరీ వేయించాం. పదిహేను రోజులు బాగానే ఉంది. ఆ తరువాత శనివారం మళ్ళీ అదే 'టక్'. ఈసారి "సెల్ఫ్ మోటారు పోయింది" అన్నాడు. దాన్ని విప్పి, లోపల ఏవో మార్చి, మూడు వేలు పుచ్చుకున్నాడు. ఇంకో మూడు వారాలు బాగానే ఉంది. నా పొదుపు డబ్బాలో దసరా నుంచి దాచుకున్నదంతా ఖాళీ.

అసలు సంగతి కొత్తవలసలో బయటపడింది. ఆసుపత్రి నుంచి తిరిగి వస్తున్నాం. అత్తగారు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని రెండు ఇడ్లీలు తినిపిద్దామని ఆపాను. (ఆవిడకి కొబ్బరినీళ్ళు పడవు. దాంట్లో పొటాషియం ఎక్కువట. ఎండలో వచ్చిన మనిషికి బొండాం కూడా ఇవ్వలేకపోవడం ఎంత బాధో చూడండి.) తిని వచ్చి తాళం తిప్పితే 'టక్'. నాకు ఏడుపొచ్చేసింది. అత్తగారు వెనక్కి వాలిపోయి కళ్ళు మూసుకున్నారు.

రోడ్డు పక్కన బ్యాటరీలు చార్జి చేసే చిన్న బడ్డీలోంచి ఒక పెద్దాయన వచ్చారు. బోనెట్ తెరవమని అనలేదు. ముందు నన్నే అడిగారు. "ఏటమ్మా, తాళం తిప్పితే ఏ సబ్దం వొచ్చింది?" టక్కుమని ఒక్కసారే అన్నాను. "లైట్లు ఏసి తిప్పు. డిమ్మవుతున్నాయా, అలాగే ఎలుగుతున్నాయా సూడు." తిప్పాను. లైట్లు చెక్కు చెదరలేదు. "అయితే బేటరీ కాదు" అన్నారాయన నిదానంగా. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకోమన్నారు. ఒక లావుపాటి నల్ల తీగె తెచ్చి, ఒక కొస బ్యాటరీ మైనస్ మీదా, రెండో కొస ఇంజిన్ మీద బోసిగా ఉన్న ఇనుము మీదా తగిలించి, ఇప్పుడు తిప్పమన్నారు. బండి ఒక్క తిప్పుకే అందుకుంది!

బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కి వెళ్ళే ఎర్త్ తీగె ఉంటుంది. అది ఇంజిన్‌కి బిగించిన చోట, బోల్టు కింద పచ్చగా చిలుం పట్టి ఉంది. పానాతో విప్పి, గరుకు కాగితంతో తళతళలాడే దాకా రుద్ది మళ్ళీ బిగించారు. నూటయాభై రూపాయలు తీసుకున్నారు. ఏడు వేలు పోసినా కుదరని రోగం నూటయాభైకి కుదిరింది. బ్యాటరీ మార్చినప్పుడూ, సెల్ఫ్ విప్పినప్పుడూ ఆ తీగె కాస్త కదిలి, కొన్నాళ్ళు పని చేసి, మళ్ళీ మొండికేసిందన్నమాట.

ఇంటికొచ్చాక నాకు తట్టింది. మొదటి రోజునే లైట్లు గోడ మీద దివ్యంగా వెలగడం నేను చూశాను కదా! ఆ ఒక్క ముక్క మెకానిక్‌కి చెప్పలేదు. చెప్పాలని తెలీదు. "కారు స్టార్టవట్లేదు బాబూ" అన్నానంతే. డాక్టరు దగ్గరికెళ్ళి "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకున్నట్టు. అప్పట్నుంచి ఆ పెద్దాయన దగ్గరా, మా చిన్నాడి సాయంతో పుస్తకాల్లోనూ తెలుసుకున్న సంగతులు మీకు చెప్పాలని ఈ వ్యాసం.

ఇంజిన్‌కి కావలసినవి

పెట్రోలు ఇంజిన్ కూడా మన గ్యాస్ పొయ్యి లాంటిదే. ఇంధనం, గాలి, నిప్పురవ్వ ఉండాలి. కాకపోతే ఒక తేడా. పొయ్యి కూర్చున్నచోటే వెలుగుతుంది. ఇంజిన్‌ని మాత్రం మొదట ఎవరో ఒకరు తిప్పిపెట్టాలి, రుబ్బురోట్లో పొత్రానికి మొదటి తిప్పు తిప్పినట్టు. ఆ తిప్పే పని సెల్ఫ్ మోటారుది. నా చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి వచ్చే అంబాసిడర్ టాక్సీలకి ముందు భాగంలో కన్నం ఉండేది. సెల్ఫ్ పనిచెయ్యకపోతే డ్రైవరు ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పేవాడు. పిల్లలమంతా చుట్టూ మూగి చూసేవాళ్ళం. అసలు తొలినాళ్ళలో కార్లన్నీ అలా చేత్తో తిప్పినవే. ఒక్కోసారి హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు విరిగేదట. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు తయారు చేసిన కరెంటు సెల్ఫ్‌ని 1912లో కాడిలాక్ కార్లకి పెట్టాక ఆ బాధ తప్పింది. ఆడవాళ్ళు ఒంటరిగా కారు తీయడం సులువయిందీ అప్పట్నుంచే.

కాబట్టి తాళం తిప్పగానే తేల్చుకోవలసింది ఒక్కటే. ఇంజిన్ తిరుగుతోందా, లేదా? తిరగకపోతే తప్పు కరెంటు దారిలో ఉంది, పెట్రోలు జోలికి పోనక్కర్లేదు. 'గిర్రు గిర్రు' మని చురుగ్గా తిరుగుతున్నా అందుకోవట్లేదంటే బ్యాటరీనీ, సెల్ఫ్‌నీ అనుమానించక్కర్లేదు, పెట్రోలో నిప్పురవ్వో అందట్లేదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే మన డబ్బంతా వృథాగా పోతోంది.

తిరగనే తిరగకపోతే

ముందు మన పొరపాట్లు చూసుకుందాం. కొత్త బళ్ళలో క్లచ్ పూర్తిగా నొక్కితే గానీ సెల్ఫ్ తీసుకోదు. గేర్లు లేని ఆటోమేటిక్ బండయితే గేరు 'పి'లోనో 'ఎన్'లోనో ఉండి, బ్రేకు నొక్కి ఉండాలి. మీట నొక్కి స్టార్ట్ చేసే బండిలో తాళంలోని బిళ్ళ బ్యాటరీ అయిపోతే కారు ఆ తాళాన్ని గుర్తు పట్టదు. చాలా బళ్ళలో తాళాన్ని ఆ మీటకే ఆనించి నొక్కితే స్టార్టవుతుంది. మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఒకసారి చూసుకోండి. ఆ పుస్తకం మా ఇంట్లో కవరు కూడా విప్పకుండా పదేళ్ళు ఉంది!

ఇక చెవి పెట్టాలి. 'టిక్ టిక్ టిక్' మని గబగబా వరసగా కొట్టుకుంటూ, డాష్‌బోర్డు లైట్లు మిణుకు మిణుకుమంటే బ్యాటరీలో సత్తువ లేదన్నమాట. "లోపల బల్బు వెలుగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉంది" అని మోసపోకండి. లోపలి బల్బుకి అర ఆంపియరు కూడా అక్కర్లేదు. రెండు హెడ్‌లైట్లకీ కలిపి పది ఆంపియర్ల దాకా కావాలి. సెల్ఫ్ మోటారుకి నూరు ఆంపియర్లూ ఆ పైనా కావాలి. పెరుగు గిలక్కొట్టే ఓపిక ఉన్నంత మాత్రాన బస్తా బియ్యం ఎత్తగలమా?

ఒక్కసారే 'టక్' మని ఆగిపోతే హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ నీరసించిందో, దాని టెర్మినల్ వదులయిందో. లైట్లు కదలకుండా అలాగే వెలిగితే మా బండి రోగం: సెల్ఫ్‌కి వెళ్ళే దారిలో ఎక్కడో తుప్పో, లేకపోతే సెల్ఫ్ మోటారే పోవడమో. నేను ఇంటర్‌లో బైపీసీ. ఓమ్ సూత్రం పరీక్షకి చదివి అక్కడే వదిలేశాను. ఇన్నేళ్ళకి అక్కరకొచ్చింది. నూరు ఆంపియర్లు పోయే దారిలో 0.05 ఓముల తుప్పు అడ్డుపడితే 5 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. 12 వోల్టుల బ్యాటరీలో సెల్ఫ్‌కి మిగిలేది ఏడే! చిన్న బల్బులకి పోయే కాస్త కరెంటుని ఆ తుప్పు ఏమీ చెయ్యదు. అందుకే లైట్లు వెలుగుతూ మనల్ని మభ్యపెడతాయి.

కరెంటు షాపులో దొరికే చిన్న మీటరు ఒకటి కొనుక్కుంటే ఊహలతో పని ఉండదు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12కి దిగిందంటే సగం పైనే ఖాళీ. తాళం తిప్పుతున్నప్పుడు 9.6 కంటే కిందికి దిగకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్యలో ఉంటే డైనమో చార్జి చేస్తున్నట్టు. అది లేకుండా కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ పడుకుంటుంది. మన ఎండలకి బ్యాటరీ మూడు నాలుగేళ్ళకి మించి రావడం కష్టమే. చలి పొద్దుల్లో దాని జోరు ఇంకా తగ్గుతుంది కాబట్టి పాతబడిన బ్యాటరీ పుష్యమాసంలోనే ఎక్కువగా చెయ్యిస్తుంది.

గాజులు తీసి చెయ్యి పెట్టండి

టెర్మినళ్ళ మీద తెల్లగానో, పచ్చగానో ఉప్పులా పేరుకుంటే గ్లాసుడు వేడినీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి, పాత పళ్ళబ్రష్షుతో రుద్దండి. బుసబుసా పొంగి పోతుంది. లోపలికి నీళ్ళు పోకుండా బ్యాటరీ మూతలు గట్టిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. శుభ్రంగా తుడిచి, బిగించి, పైన కాస్త వాజిలీన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. నీళ్ళు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, ఫిల్టరు నీళ్ళు పనికిరావు.

ఇది మాత్రం మరిచిపోవద్దు. బోనెట్ కింద చెయ్యి పెట్టే ముందు గాజులు, ఉంగరాలు, చేతిగడియారం తీసెయ్యండి. మెడలో గొలుసు జాకెట్ లోపలికి దోపుకోండి, కొంగు బిగించండి. బంగారు గాజు ప్లస్‌కీ బండి ఇనుముకీ మధ్య తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలి చేతికి అంటుకుపోతుంది. బ్యాటరీలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గరలో అగ్గిపుల్ల గీయరాదు.

ఇంకొకరి బ్యాటరీ నుంచి జంపర్ కేబుళ్ళతో కరెంటు తీసుకునేటప్పుడు వరస ముఖ్యం. ఎర్రది ముందు పడుకున్న బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం మన బ్యాటరీకి కాకుండా, దూరంగా మన ఇంజిన్ ఇనుముకి. ఆఖరి కొస పెట్టేటప్పుడు చిన్న రవ్వ వస్తుంది, అది బ్యాటరీ దగ్గర రాకూడదని. స్టార్టయ్యాక తీసేటప్పుడు ఇదే వరస వెనక నుంచి.

తోసి స్టార్ట్ చెయ్యడం గేర్ల బండికే కుదురుతుంది. ఆటోమేటిక్‌కి కుదరదు. మా అనంతగిరి ఘాట్‌లో కొందరు మగపిల్లలు బండిని పల్లంలో వదిలేసి అందుకోనిద్దామని చూస్తారు. అది చాలా ప్రమాదం. ఇంజిన్ నడవనప్పుడు బ్రేకు రెండు మూడు తొక్కుళ్ళకి రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. మలుపు దగ్గర ఏం చేస్తారు? బల్లపరుపు నేల మీద తప్ప తోయించకండి.

తిరిగినా అందుకోకపోతే

సంక్రాంతి మర్నాడు, కనుమనాడు, పక్కింటి మాస్టారి కారు ఇలాగే మొరాయించింది. గిర్రుగిర్రుమని తిరుగుతోంది, అందుకోవట్లేదు. ఆయన బ్యాటరీ షాపుకి ఫోన్ చెయ్యబోతుంటే "మాస్టారూ, తిరుగుతోంది కదండీ, బ్యాటరీ కాదు" అన్నాను గోడ మీంచి. ఆయన నన్ను వింతగా చూశారు.

ఇప్పటి పెట్రోలు బళ్ళలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. చాలా బళ్ళలో తాళం 'ఆన్'కి తిప్పగానే వెనక సీటు కింద నుంచి 'ఝుమ్' మని ఒకటి రెండు సెకన్లు సన్నగా వినిపిస్తుంది. ఆ చప్పుడు రాకపోతే పంపో, దాని ఫ్యూజో చూడాలి. మాస్టారి బండిలో వాళ్ళమ్మాయిని వెనక కూర్చోబెట్టి వినమన్నాం. చప్పుడు లేదు. ఫ్యూజు బాగానే ఉంది. వెనక సీటు ఎత్తి చూస్తే పంపుకెళ్ళే తీగెని ఎలకలు కొరికేశాయి! కోతలయ్యాక ధాన్యం ఇళ్ళకి చేరే రోజులు, ఎలకలూ వెంట వస్తాయి. మెకానిక్ తీగె అతికించి వెళ్ళిపోయాడు. మాస్టారి భార్య నాకు గిన్నెడు గారెలు పంపారు.

పంపు చప్పుడు వస్తూ ఉంటే ఇంకో సంగతి చూడండి. డాష్‌బోర్డులో తాళం బొమ్మతో చిన్న దీపం ఆగకుండా మిణుకుతోందేమో. దొంగలు తీసుకుపోకుండా పెట్టిన ఏర్పాటది. తాళాన్ని గుర్తు పట్టకపోతే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. బీరువాలో ఉన్న రెండో తాళంతో ప్రయత్నించండి. పెట్రోలు వాసన గుప్పుమంటే ఎక్కువ పోసుకుపోయి ప్లగ్గులు తడిశాయన్నమాట. కాసేపు ఆగి, ఆక్సిలరేటరు నేలకి తొక్కిపట్టి తాళం తిప్పితే చాలా బళ్ళలో పెట్రోలు ఆగి, గాలి మాత్రమే వెళ్ళి ఆరుతుంది. పెట్రోలు ముల్లు అడుగంటినప్పుడు ఘాట్ ఎక్కకండి, ఏటవాలులో ఉన్న కాస్తా ట్యాంకులో ఓ మూలకి చేరి పంపుకి అందదు. ఏ బండయినా సరే, పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టవద్దు. నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి. లేకపోతే మంచి సెల్ఫ్ కూడా మాడిపోతుంది.

డీజిలు బళ్ళకి ప్లగ్గు రవ్వ ఉండదు. గాలిని బాగా నొక్కి వేడెక్కించి డీజిలుని మండిస్తారు. చలిలో అయితే డాష్‌బోర్డులో చుట్ట ఆకారంలో దీపం ఆరే దాకా ఆగి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. డీజిలు పూర్తిగా అయిపోనిస్తే పైపుల్లో గాలి చేరి, పోసినా వెంటనే అందుకోదు.

వరదనీళ్ళలో మునిగిన బండికి మాత్రం ఈ పరీక్షలేవీ చెయ్యకండి, తాళమే తిప్పకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వైజాగ్ మీద పడిన రోజులు మన వైపు ఎవరూ మర్చిపోరు. నీళ్ళు ఇంజిన్ లోపలికి పోయి ఉంటే, తిప్పగానే నీరు గాలిలా నలగదు కాబట్టి లోపలి కడ్డీలు వంగిపోతాయి. ఇంజిన్‌కి ప్రత్యేకంగా బీమా కట్టి ఉంటే తప్ప ఆ నష్టానికి సొమ్ము రావడం కష్టం. లాగించుకుని షెడ్డుకి తీసుకెళ్ళడమే.

ఇవన్నీ మగవాళ్ళ పనులని ఎవరైనా అంటే బెర్తా బెంజ్ గురించి చెప్పండి. 1888 ఆగస్టులో, కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య ఆవిడ. ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, జర్మనీలో మాన్‌హైమ్ నుంచి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని పుట్టింటికి బయల్దేరింది, భర్తకి ముందు చెప్పకుండా! దారిలో ఇంధనం పైపు మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగు చేసింది. నిప్పురవ్వ తీగె బోసిపోతే మేజోళ్ళ పట్టీ చుట్టింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొన్నది. పైపు, తీగె, ఖాళీ ట్యాంకు. మన కార్ల జబ్బులూ అవే కదా.

ఇప్పుడు మా డిక్కీలో జంపర్ కేబుళ్ళు, పదో నంబరు పానా, గరుకు కాగితం, పాత పళ్ళబ్రష్షు, మీటరు, టార్చి ఉంటాయి. మొన్న ఒక శనివారం తాళం తిప్పి కాస్త ఆలస్యమయితే వెనక నుంచి అత్తగారే అడిగారు, "ఏటే, టక్కుమన్నాదా, గిర్రుమన్నాదా?" అని. నేను క్లచ్ నొక్కడం మరిచిపోయానంతే. జంపర్ కేబుళ్ళు మాత్రం మాస్టారు పట్టుకెళ్ళి పది రోజులయింది. బుధవారం లోపల అడిగి తెచ్చుకోవాలి.